కాండక్ట్ సర్టిఫికెట్

ఆ వేసవిలో మా ఇంట్లో మొదటి గొడవ ఇడ్లీ పిండి మీద వచ్చింది.

ఇండియన్ స్టోర్ నుంచి రెండు డబ్బాల పిండి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. పాల కోసం తలుపు తీసిన మహీధర్ ఒక డబ్బా బయటికి లాగి, మూత మీద తేదీ చదివాడు.

"కొన్న పిండా?"

"ఆఁ."

"నాన్నకు పడదని తెలుసు కదా."

"పడకపోవడానికి ఏముంది అందులో? బియ్యం, మినప్పప్పు, ఉప్పు."

"పులుపు."

"ఇంట్లో రుబ్బిందీ పులుస్తుంది. పులవకపోతే అది ఇడ్లీ పిండి కాదు, అట్ల పిండి."

"ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చాం ఆ గ్రైండరు. బొమ్మలా కూర్చుంది."

"రాళ్ళు ఎత్తి కడిగిపెట్టండి. రుబ్బుతాను."

మహీధర్ నవ్వాడు. గ్రైండరు మూత తీసి, రాళ్ళను ఒక్క చేత్తో పైకెత్తి నాకు చూపించాడు. "చూడు, ఇంతే బరువు." మళ్ళీ అందులోనే పెట్టేసి, ఆఫీసు మీటింగుందని మేడ మీదికి వెళ్ళిపోయాడు. కడగలేదు.

హాల్లోంచి మా మామగారు జనార్ధనరావు గారు అందుకున్నారు. "నా గురించి మీరు మాటా మాటా అనుకోకండమ్మా. నేను బ్రెడ్డు తింటాలే." బ్రెడ్డు అనే మాటను ఆయన లంఖణం అన్నట్టు పలికారు.

ఆ మధ్యాహ్నం పప్పు నానబోశాను. సాయంత్రం రుబ్బాను. ఆ తర్వాత రెండు రోజులు నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. ఆ రెండు రోజులూ ఇడ్లీలు దూదిలా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు.

నా జబ్బు పేరు ఫైబ్రోమయాల్జియా. ఆ పేరు కనుక్కోవడానికే డాక్టర్లకు మూడేళ్ళు పట్టింది. ఎక్స్‌రేలో కనపడదు, రక్తపరీక్షలో దొరకదు. ఎవరో లోపల్నుంచి ఎముకల్ని తడిబట్టలా పిండుతున్నట్టు ఉంటుంది. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ లైనులో ఎనిమిదేళ్ళు చేశాను. చివరికి టేపు చింపడానికి కూడా పళ్ళు వాడాల్సి వచ్చి, 2021లో మానేశాను. ఇక్కడ కెనడాలో, మిస్సిసాగాలో మాకు తెలిసిన తెలుగువాళ్ళంతా "అమృత హాయిగా ఇంట్లోనే ఉంటోంది" అన్నారు.

2023 ఏప్రిల్లో మా ఫ్యామిలీ డాక్టరే ఆ మాట ఎత్తింది. "డిజేబిలిటీ బెనిఫిట్‌కి అప్లై చెయ్యండి. మీ జీతంలోంచి ఎనిమిదేళ్ళు కోసుకున్నది దీనికోసమే. దానం కాదు, హక్కు. నా రిపోర్టు నేను రాస్తాను. ఇంట్లో మిమ్మల్ని రోజూ చూసేవాళ్ళెవరైనా ఒక ఉత్తరం రాస్తే ఇంకా మంచిది."

డబ్బు వస్తే వద్దనను. కానీ నా ఆశ డబ్బు మీద కాదు. ప్రభుత్వం ఒక కాగితం మీద, ఈమెకు నిజంగానే ఒంట్లో బాగాలేదు అని రాసి పంపిస్తే, దాన్ని మా ఇంట్లోవాళ్ళకు చూపించవచ్చు. నా మాటను ఎవరూ కాదనలేదు. అలాగని నమ్మిందీ లేదు. వానొస్తోంది అంటే కిటికీలోంచి చూడకుండానే "ఓహో" అంటామే, అలా అనేవాళ్ళు. కాగితం వస్తే చూస్తారు. మా ఇంట్లో కాగితానికి విలువుంది.

ఫారం ముప్ఫై పేజీలు పైనే. ఎంతసేపు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు, బట్టలు మీరే వేసుకుంటారా. ప్రతిదానికీ మంచి నుంచి అధ్వాన్నం దాకా గళ్ళు. నేను స్టాటిస్టిక్స్ చదివినదాన్ని. నోట్‌బుక్‌లో మూడు వారాల లెక్క రాసుకుని, సగటు తీసి, గళ్ళలో టిక్కు పెడుతున్నాను. పదో తరగతి చదివే నా కూతురు వర్ష ఎదురుగా కూర్చుని చూస్తోంది.

"అమ్మా, స్టాండింగ్‌కి ఫెయిర్ పెట్టావేంటి? సీరియస్‌లీ?"

"కొన్ని రోజులు నిలబడగలనుగా."

"నిన్న బ్రష్ చేసుకునేటప్పుడు సింక్ పట్టుకున్నావ్. ఐ సా యూ."

"అది నిన్న."

"దే డోంట్ కేర్ అబౌట్ యువర్ గుడ్ డేస్, అమ్మా. వరస్ట్ డే రాయాలి."

"అబద్ధం అవుతుంది."

"ఇట్స్ నాట్ అ లై!" విసుగ్గా చేతులు గాల్లోకి లేపింది. నేను ఫెయిర్ కొట్టేసి పూర్ పెట్టాను. పక్కన చిన్న అక్షరాలతో, కొన్ని రోజులు ఫెయిర్, అని కూడా రాశాను. నా అంత తెలివితక్కువది ఇంకొకత్తి ఉంటుందా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఉత్తరం ఎవరు రాయాలన్న ప్రశ్నకు ఆ సాయంత్రమే జవాబు దొరికింది. "నేను ఆఫీసులో ఉంటాను, నాకేం తెలుస్తుంది? నాన్న పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. పైగా ఆయన ఇంగ్లీషు ముందు మన ఇంగ్లీషెంత?" అన్నాడు మహీధర్.

మామగారు తణుకు దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద మా దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. ఈ దేశంలో ఆయనను ఎవరూ ఏ పనీ అడిగింది లేదు. ఉత్తరం మాట వినగానే వెన్ను నిటారైంది.

"గీతల్లేని కాగితాలు నాలుగు, ఒక కవరు ఇప్పించమ్మా. రేపు సాయంత్రానికి ఇచ్చేస్తాను."

రెండు రోజులు తీసుకున్నారు. చిత్తు రాసుకున్నారు, కొట్టేశారు, నిఘంటువు అడిగారు. మూడో రోజు పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అతికించిన కవరు నా చేతిలో పెట్టారు. అతుకు మీద అడ్డంగా సంతకం.

"చదివి ఇద్దును కదా మామయ్యా," అన్నాను.

"ఎవరి గురించి రాశామో వాళ్ళు చూడకూడదమ్మా. అది పద్ధతి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క పిల్లవాడికి కూడా విప్పిన కవరు ఇవ్వలేదు. విప్పి ఉంటే అవతలివాడు నమ్మడు."

కాదు, ఇవ్వండి, చూస్తాను అని అనవలసింది. అనలేదు. పెద్దాయన సంతకం చేసిన కవరును కోడలు చింపడమేమిటి అని నాకూ అనిపించింది. అలాగే ఫారం వెనక పెట్టి మే నెల రెండో వారంలో పోస్టు చేశాను.

కింద బేస్‌మెంటు సంగతి చెప్పాలి. ఆ ఏడాది కాలేజీల్లోకి వచ్చిపడే పిల్లలకు లెక్కే లేదు. ఇండియన్ స్టోరు తలుపు మీద గది కావాలి అన్న చీటీలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉండేవి. మా బేస్‌మెంటులో జనవరి నుంచి నలుగురు అమ్మాయిలున్నారు. వచ్చిన కొత్తలో నిఖిల అనే కరీంనగర్ అమ్మాయికి జ్వరం వస్తే నాలుగు రోజులు చారన్నం పంపించాను. ఐదో రోజు మహీధర్ తన వాట్సాప్ గ్రూపులో మా ఇంటి ప్రకటన మార్చాడు. అమ్మాయిలకు మాత్రమే, బస్‌స్టాప్ దగ్గర, హోమ్లీ ఫుడ్‌తో. నాకు ఆ సంగతి వర్ష చెప్పింది.

"నువ్వెలాగూ పొయ్యి వెలిగిస్తావుగా," అన్నాడు మహీధర్. "నాలుగు గ్లాసుల బియ్యం పోసేచోట ఎనిమిది పోస్తే కుక్కరు వద్దంటుందా?"

కుక్కరు వద్దనదు. గంపెడు ఉల్లిపాయలు తరగాలన్నా, పదిలీటర్ల గిన్నె వంచి గంజి వార్చాలన్నా, ఎనిమిది డబ్బాలు సర్దాలన్నా కుక్కరుకు చేతులు లేవు. నావే చేతులు. పొద్దున నాలుగున్నరకు మాత్ర వేసుకునేదాన్ని. అది పనిచెయ్యడం మొదలయ్యాక ఐదున్నర నుంచి ఏడున్నర దాకా వంట. మామగారు ఏడున్నరకు లేచి వచ్చేసరికి గట్టు తుడిచి, కాఫీ కలిపి, జడ వేసుకుని ఉండేదాన్ని. తొమ్మిదింటికి మాత్ర దిగిపోయేది. అప్పుడు బట్టల బుట్ట పట్టుకుని కింద లాండ్రీ గదిలోకి వెళ్ళి, మెషిను ఆన్ చేసి, సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకునేదాన్ని. మెషిను చప్పుడులో మూలుగు వినపడదు. నలభై నిమిషాలకు మెషిను ఆగుతుంది, నేనూ లేస్తాను. సాయంత్రం మళ్ళీ అదే వరస.

ఆ గది తూములో ఆరుగురు ఆడవాళ్ళ జుట్టు సబ్బు నురగతో కలిసి చచ్చిన ఎలుకలా ఉండచుట్టుకుని ఉండేది. నా ముఖానికి జానెడు దూరంలో. లేచి దాన్ని తీసి పారెయ్యడానికి కూడా నాకు ఓపిక ఉండేది కాదు. దాన్ని చూస్తూ పడుకునేదాన్ని.

జూన్‌లో ఒకరోజు నిఖిల తలుపు తోసింది. వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసి అప్పుడే వచ్చినట్టుంది, మెడలో ఇంకా ఐడీ కార్డుంది.

"అయ్యో ఆంటీ! ఏమైంది? గిట్ల కింద పడుకున్నరేంది? అంకుల్‌ని పిల్వాల్నా?"

"వద్దు. నడుం పట్టేసిందంతే. చల్లగా ఉంటుందని."

"ముఖమంత గుంజుకపోయింది ఆంటీ. అబద్ధం చెప్తున్నరు."

"నిఖిలా, ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా పైన తాతగారికి. కంగారు పడతారు."

ఆ అమ్మాయి "సరే ఆంటీ," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. మాట మీద నిలబడింది కూడా. ఎవరికీ చెప్పలేదు.

జులైలో ఒక సాయంత్రం పార్కులో మామగారి స్నేహితుడు సీతారామారావు గారు కనిపించారు. కొడుకుల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు నలుగురైదుగురు అక్కడ బెంచీల మీద కూర్చుంటారు. ఆయన లేచి మరీ నమస్కారం పెట్టారు.

"మీ మామగారు మీకిచ్చిన సర్టిఫికెట్ మాకు చదివి వినిపించారమ్మా. కళ్ళు చెమర్చాయి. నా సొంత కూతురి గురించి కూడా నేను అలా రాయలేను. ఈ కాలంలో ఇలాంటి కోడలా!"

ఆ మాట విన్నప్పుడు నాకు అనుమానం రావాలి. జబ్బు గురించి రాసిన ఉత్తరానికి పార్కులో కళ్ళెందుకు చెమర్చాయి అని అడగాలి. అడగలేదు. పైగా సంతోషం వేసింది. ఇంటిదాకా నడుము తిన్నగా పెట్టి నడిచాను. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే రోత పుడుతుంది.

ఆగస్టు మొదటి వారంలో ఆ బెనిఫిట్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆడగొంతు. ఇంగ్లీషులో, తొందర లేకుండా, చాలా మర్యాదగా మాట్లాడింది.

"మీ డాక్టరు రిపోర్టు చూశాను. మీరు రాసిందీ చూశాను. కానీ మీ ఇంట్లో ఉండే వ్యక్తి రాసిన ఉత్తరంతో ఇవి పొసగడం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు రోజూ ఎనిమిది మందికి రెండు పూటలా వండుతారా?"

లేదు అనవచ్చు. ఆమె చూడవచ్చిందా?

"వండుతాను," అన్నాను.

"ఎవరైనా సాయం చేస్తారా?"

"లేదు. కానీ వండాక పడుకుంటాను. నేల మీద. నలభై నిమిషాలు."

"ఇంట్లోవాళ్ళు చూశారా అది?"

"లేదు."

"ఎందుకని?"

"చూడకుండా జాగ్రత్తపడతాను."

అవతల టైపు చేస్తున్న చప్పుడు. నేను చెప్పింది మొత్తం టైపు చేసేదాకా ఆమె మాట్లాడలేదు. చివరికి, "మీరు చాలా గొప్పవారు. ఇంత నొప్పితో ఇంత మందికి," అంది. నిజంగానే అంది, ఎగతాళికి కాదు. ఫోన్ పెట్టేసి సింకు దగ్గరికి పరిగెత్తాను. వాంతి మాత్రం రాలేదు.

వారం తర్వాత కాగితం వచ్చింది. నేను కోరుకున్న కాగితం కాదు. మీ పరిస్థితి పనికి పూర్తిగా అడ్డుపడేంత తీవ్రంగా ఉన్నట్టు ఆధారాలు చూపించడం లేదు, ఒప్పుకోకపోతే తొంభై రోజుల్లో పునఃపరిశీలన అడగవచ్చు, అని ఉంది.

మామగారు హాల్లో తెలుగు వార్తలు చూస్తున్నారు. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"మామయ్యా, మే నెలలో మీరు రాసిన ఉత్తరం నకలు ఉందా మీ దగ్గర?"

"నకలు లేకుండా ఎలా పంపిస్తానమ్మా? ఆఫీసు కాపీ ఎప్పుడూ ఉంచుకోవాలి." సంబరంగా లేచారు. గదిలోకి వెళ్ళి, సూట్‌కేసు అడుగు నుంచి ఫైలు తీసి తెచ్చారు. "పద్ధతి ప్రకారం నువ్వు చూడకూడదు. కానీ ఇప్పుడు పంపించేశాం కదా, ఫరవాలేదు. చదువు."

దస్తూరి ముత్యాల్లా ఉంది. హైస్కూలు ఇంగ్లీషు. నేను దాన్ని తెలుగులో చెప్తాను.

"శ్రీమతి అమృత నా కుమారుని భార్యగా పదిహేడేళ్ళ నుంచి నాకు సుపరిచితురాలు. ఈమె నడవడి శ్లాఘనీయము. సోమరితనం ఎరుగదు. మా గృహంలోని నలుగురికీ, క్రింది అంతస్తులో వసించే నలుగురు విద్యార్థినులకూ రెండు పూటలా స్వహస్తాలతో వండి పెడుతుంది. శరీరంలో బాధ ఉన్నదని చెబుతుంది గానీ, అందువల్ల ఇంటిపనికి ఒక్కనాడైనా అంతరాయం కలుగుట నేను చూడలేదు. మంచం పట్టిన రోజు లేదు. ముఖం చిట్లించిన రోజు లేదు. ఇట్టి ఉత్తమురాలికి ప్రభుత్వం చేసే ఏ సహాయమైనా అపాత్రదానం కాజాలదని నా మనవి."

రెండుసార్లు చదివాను. ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు.

"ఎలా ఉంది?" అన్నారు మామగారు. చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న పిల్లాడిలా నిలబడి ఉన్నారు.

"స్పెల్లింగు తప్పు ఒక్కటి కూడా లేదు మామయ్యా," అన్నాను.

ఆయన తృప్తిగా తలాడించారు. "వాళ్ళు ఒప్పుకోలేదని మహీ అన్నాడు. ఏదో రికమెండేషను ఉండాలేమో ఇక్కడ కూడా. లేకపోతే ఇంతకన్నా యోగ్యురాలు ఎవరు దొరుకుతారు వాళ్ళకి?"

నాకు దక్కవలసింది దక్కలేదన్న ఆయన బాధ నిజం. మంచివాళ్ళకే సర్కారు ఏదైనా ఇస్తుందని ముప్ఫై ఒక్క ఏళ్ళు నమ్మి బతికిన మనిషి. స్కాలర్‌షిప్పుకు పిల్లవాణ్ణి సిఫారసు చేసినట్టు నన్ను సిఫారసు చేశారు. నాకు కోపం రావడానికి ఆయనలో ఎక్కడా సందు దొరకలేదు. రోతకు మాత్రం కొదవ లేదు. ఆ ముత్యాల దస్తూరి, ఆ శ్లాఘనీయము, ఆ ఉత్తమురాలు. ఆ ఉత్తమురాలిని తయారుచేసింది నేనే. రోజూ ఏడున్నరకు జడ వేసుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని, ఆయన కళ్ళ ముందు నిలబెట్టింది నేనే.

ఆ సాయంత్రం గరాజులో మహీధర్ పాత మంచం బిగిస్తుంటే వెళ్ళి ఉత్తరం సంగతి చెప్పాను.

"ఆయన మంచి ఉద్దేశంతోనే రాశాడు కదా," అన్నాడు.

"ఉద్దేశం గురించి నేనేం అనలేదు. మళ్ళీ అప్లై చేస్తాను అంటున్నాను."

"ఎందుకు మళ్ళీ తలనొప్పి? ఒకందుకు ఇదే మంచిదేమో. డిజేబుల్డ్ అని మన పేరు మీద రికార్డు ఎందుకు?"

"మన పేరు కాదు. నా పేరు."

"అదేలే. నీకు మాత్రం ఏం తక్కువ చెప్పు? నాన్న నీ గురించి అందరికీ ఎంత గొప్పగా చెప్పుకుంటాడో తెలుసా?" స్క్రూ బిగించడం ఆపి నా వైపు ప్రేమగానే చూశాడు. "అన్నట్టు, సెప్టెంబరు ఇన్‌టేక్‌కి ఇంకో ముగ్గురికి మాటిచ్చేశాను. ఇదిగో, ఈ మంచం వాళ్ళకే. లేబర్ డే సోమవారం దిగుతారు."

"ఫుడ్‌తోనా?"

"ఫుడ్ ఉందనే కదా మనదగ్గరికి వస్తున్నారు. గ్రూపులో నీ పప్పుచారుకు పెద్ద పేరు తెలుసా?"

పదకొండు. పదకొండు డబ్బాలు గట్టు మీద రెండు వరసల్లో పట్టవు, మూడో వరస కావాలి అని మాత్రం బుర్ర తనంతట తనే లెక్క వేసుకుంది. అలా లెక్క వేసుకున్నందుకు ఆ బుర్రను తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

సెప్టెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం కిందికి వెళ్ళాను. నలుగురమ్మాయిలూ ఉన్నారు. ఒకత్తె మంచం మీద లాప్‌టాప్‌తో, ఇద్దరు సూట్‌కేసు మీద ప్లేటు పెట్టుకుని మ్యాగీ తింటున్నారు. నిఖిల ఇస్త్రీ చేసుకుంటోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను.

"అమ్మాయిలూ, సోమవారం నుంచి నేను మీకు వండలేను. నాకు జబ్బుంది. మీరు ఇబ్బంది పడతారని తెలుసు, కానీ..."

నలుగురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. లాప్‌టాప్ అమ్మాయి పెదవి కొరుక్కుంది. నిఖిల ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"ఒకటి చెప్తే ఫీల్ గావద్దు ఆంటీ."

"చెప్పు."

"మేమే అడుగుదామనుకుంటున్నం, మేం వండుకుంటమని. రోజూ పప్పుచారు ఐతుంది. మాకు కారం ఉండాలె. మీ కూరలల్ల పులుపే ఎక్కువుంటది. మీరు ఎంత కష్టపడి చేస్తున్నరో చూసినంక చెప్పబుద్ధి గాలే." గొంతు తగ్గించింది. "మస్తు సార్లు ఆ డబ్బలు వేర్‌హౌస్‌ల పంజాబీ అన్నకు ఇచ్చిన. ఆయనకు మస్తు ఇష్టం."

మ్యాగీ తింటున్న అమ్మాయి కిసుక్కుమంది. వెంటనే నోరు మూసుకుంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎనిమిది నెలలు. తెల్లవారుజామున మాత్ర మింగి, మణికట్లకు బట్ట చుట్టుకుని. ఎవరో ముఖం కూడా తెలియని పంజాబీ అబ్బాయి కోసం. నవ్వే వచ్చింది. నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి.

"స్టవ్ వాడుకుంటారా, పైకి వచ్చి?"

"ఇండక్షన్ ఒకటి కొనుక్కుంటం ఆంటీ, అంకుల్ ఒప్పుకుంటే."

"అంకుల్ ఒప్పుకుంటాడు," అన్నాను.

మరునాడు ఆదివారం. సాయంత్రం ఆరింటికి అన్నానికి కూర్చున్నాం. ఇంకా ఎండ వంటింట్లో సగం దాకా ఉంది. దొండకాయ వేపుడు, కందిపచ్చడి, చారు బల్ల మీద పెట్టేసి, ఎవరికీ వడ్డించకుండా నా కంచంలో నేను పెట్టుకుని కూర్చున్నాను. మామగారు కంచం ముందు ఒక క్షణం ఆగి, తర్వాత గరిటె కోసం చెయ్యి చాపారు.

"ఒక మాట చెప్పాలి," అన్నాను. "రేపట్నుంచి నేను మాత్ర వేసుకుని వంట చెయ్యను. లేవగలిగిన రోజు ఒక పూట, మన నలుగురికి చేస్తాను. లేవలేని రోజు చెయ్యను. కింద అమ్మాయిలకు చెప్పేశాను. వాళ్ళకు అభ్యంతరం లేదు."

మహీధర్ ముద్ద మధ్యలో ఆపాడు. "నాకు చెప్పకుండానా?"

"చెప్తున్నాను కదా."

"రేపు ముగ్గురు దిగుతున్నారు అమృతా! వాళ్ళకేం చెప్పమంటావ్?"

"మాటిచ్చింది మీరు. మీకు ఏం తోస్తే అది చెప్పండి."

"ఫైనల్లీ," అంది వర్ష, కంచంలోంచి తలెత్తకుండా.

మామగారికి వంట సంగతి కంటే ఇంకొకటి మనసులో ఉంది. "మరి ఆ అప్లికేషను సంగతేమిటమ్మా? అంతేనా ఇక?"

"మళ్ళీ పెడుతున్నాను మామయ్యా. నవంబరు దాకా గడువుంది. ఉత్తరం మళ్ళీ మీరే రాయాలి."

ఆయన ముఖం విప్పారింది. "రాస్తానమ్మా. రాయకేం? ఈసారి ఇంకా బలంగా రాస్తాను."

"బలంగా వద్దు. చూసింది రాయండి."

"అప్పుడూ చూసిందే కదమ్మా రాశాను?"

"అవును. అందులో మీ తప్పేమీ లేదు. అందుకే మీరు చూసేదాన్ని మారుస్తున్నాను. ఇకనుంచి నొప్పొస్తే ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడే, ఈ హాల్లో, మీకూ టీవీకీ మధ్య కార్పెట్ మీద పడుకుంటాను. మూలుగు వస్తే మూలుగుతాను. మీరు వార్తల సౌండు పెంచకండి. ఎన్ని గంటలకు పడుకున్నానో, ఎన్ని గంటలకు లేచానో, రోజూ తేదీ వేసి రాసుకోండి. రిజిస్టరు రాయడం మీకు నేను చెప్పక్కర్లేదు."

మహీధర్ వేపుడు గిన్నె వైపు చూస్తున్నాడు. మామగారు నా చేతుల వైపు చూశారు. బల్ల మీద అవి వణుకుతున్నాయి. దించి ఒళ్ళో పెట్టుకోబోయి, మానేసి, అక్కడే ఉంచాను.

ఆయన చారన్నం అయిపోయింది. మజ్జిగ ఫ్రిజ్‌లో ఉంది. అలవాటుగా ఆయన చూపు నా మీదికీ, ఫ్రిజ్ మీదికీ, మళ్ళీ నా మీదికీ తిరిగింది. నేను లేవలేదు. కొంతసేపటికి కుర్చీ వెనక్కి జరిపి, ఎంగిలి చెయ్యి పైకి పట్టుకుని, ఎడమచేత్తో బల్ల అంచు ఆసరా చేసుకుని ఆయనే లేచారు.

"ఏ అరలో ఉందమ్మా?" అన్నారు.

"రెండో అరలో," అన్నాను.